తీగ బాగానే ఉంది, పందిరే పోయింది

పాత ఉద్యోగం పోయింది, కొత్తది చేతికి రాలేదు. పరీక్ష రాసేశారు, ఫలితాలకు ఇంకా నాలుగు నెలలు. చదువు పూర్తయింది గానీ ఏ వైపు వెళ్ళాలో తేలలేదు. కాపురం విడిపోయింది, కాగితాల పని మిగిలే ఉంది. చికిత్స ముగిసింది, ఒంట్లో సత్తువ మాత్రం వెనక్కి రాలేదు. ఒకటి ముగిసి ఇంకొకటి మొదలుకాని ఈ రోజుల్నే ఇక్కడ మధ్యకాలం అందాం. అచ్చం త్రిశంకుడి పరిస్థితి. కాళ్ళ కింద నేల లేదు, పైకి పోనిచ్చేవాళ్ళు లేరు.

ఈ దశలో ఉన్నవాళ్ళు చెప్పేది దాదాపు ఒకేలా ఉంటుంది: "రోజంతా ఖాళీయే. అయినా ఏ పనీ ముట్టుకోబుద్ధి కావట్లేదు." ఆ వెంటనే గొంతు తగ్గించి ఇంకో మాట: "బద్ధకం పెరిగిపోయినట్టుంది." మొదటి మాట నిజమే. రెండోది తప్పుడు నిర్ధారణ. రోగం తప్పుగా తేలిస్తే మందూ తప్పుదే పడుతుంది. తనను తాను తిట్టుకోవడం, స్ఫూర్తి నింపే వీడియోలు వరసపెట్టి చూడటం, రేపటి నుంచి తెల్లవారుజామున నాలుగింటికే లేస్తానని ఒట్టేసుకోవడం. మూడో రోజుకు అన్నీ చల్లారిపోతాయి.

పాకే తీగను చూస్తే తన బలంతోనే పైకి పోయిందనిపిస్తుంది. గుంజలు పీకేస్తే గానీ అసలు సంగతి బయటపడదు. ఉద్యోగం, కాలేజీ, కాపురం మనకు జీతమో పట్టానో తోడో ఇస్తాయని మాత్రమే అనుకుంటాం. చప్పుడు చేయకుండా అవి పందిరి పని కూడా చేస్తుంటాయి. ఎప్పుడు లేవాలో, ఎవరికి జవాబు చెప్పాలో, ఏది ముందో ఏది వెనకో, ఈ రోజు పని అయిందో లేదో, అన్నీ అవే చెబుతాయి. అవి పోయిన రోజున పందిరీ పోతుంది. నేలమీద పడిన తీగను చూసి మనం తీగలో తెగులు వెతుకుతాం.

గడియారం పెట్టుకోవడం మానేసిన ఊరు

ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గరలో మరియెంటాల్ అనే చిన్న ఊరుంది. ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది. 1930 ప్రాంతంలో ఆ మిల్లు మూతపడి, ఊరికి ఊరే పని లేకుండా కూర్చుంది. మేరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే సామాజిక పరిశోధకులు తమ బృందంతో అక్కడికి వెళ్ళి, జనం రోజులు ఎలా గడుపుతున్నారో దగ్గర నుంచి చూసి, 1933లో ప్రచురించారు. పని పోయినప్పుడు మనిషికి ఏమవుతుందో చెప్పిన అధ్యయనాల్లో ఈనాటికీ ముందుగా తలచుకునేది దీన్నే.

వాళ్ళు గమనించిన వాటిలో ఒకటి ఊరి గ్రంథాలయం లెక్క. చదువుకోవడానికి ఇప్పుడు తీరికే తీరిక, పైగా పుస్తకాలకు రుసుము కూడా తీసేశారు. అయినా జనం తీసుకెళ్ళే పుస్తకాలు రెండేళ్ళలో దాదాపు సగానికి పడిపోయాయి. ఇంకో పరిశోధకుడు వీధిలోకి తెలియకుండా తొంగి చూస్తూ, నడిచేవాళ్ళ వేగం లెక్కగట్టాడు. మగవాళ్ళ నడక మందగించింది, దారిలో మాటిమాటికీ ఆగుతున్నారు. చేతికి గడియారం పెట్టుకోవడం చాలామంది మానేశారు. లేచిన దగ్గర నుంచి మధ్యాహ్నం దాకా ఏం చేశారో రాయమంటే కాగితం మీద రెండు ముక్కలకు మించి రాలేదు. ఆడవాళ్ళ నడక మాత్రం చురుగ్గానే ఉంది. మిల్లు పని వాళ్ళకూ పోయింది, కానీ ఇంటి పని పోలేదు కదా. పొయ్యి, పిల్లలు, బట్టలు వాళ్ళ రోజును కట్టి ఉంచాయి. ఒకే ఊరు, ఒకే దెబ్బ, పందిరి మిగిలినవాళ్ళకూ మిగలనివాళ్ళకూ ఇంత తేడా.

యహోదా తర్వాతి రోజుల్లో దీన్ని ఇంకా విడమరిచి చెప్పింది. పని మనిషికి డబ్బుతో పాటు ఐదు ఇస్తుందంటుంది: రోజుకు ఒక వరస, ఇంటివాళ్ళు కాని మనుషులతో రోజువారీ మాటామంతీ, తన ఒక్కడి కంటే పెద్దదైన ఉద్దేశంలో భాగం, సమాజంలో ఒక గుర్తింపు, కదలక తప్పని పరిస్థితి. మీరున్న మధ్యకాలం ఎలాంటిదైనా సరే, ఈ ఐదింటిని ఒక కాగితం మీద రాసి, ఏవి పోయాయో, ఏవి ఉన్నాయో టిక్కు పెట్టుకుంటూ వెళ్ళండి. మామూలుగా రెండో మూడో పోయి ఉంటాయి. బాగు చేయాల్సింది వాటినే. ఐదూ పోయాయని తేలితే మొదట రోజు వరసను పట్టుకోవాలి. అది దొరికితే మిగతావాటికి చోటు దొరుకుతుంది.

తెలియకపోవడమే ఒక బరువు

పందిరి పోవడం ఒక్కటే కారణమైతే పని కొంత సులువే. మధ్యకాలంలో ఇంకో మూడు చిక్కులు కలుస్తాయి.

ఒకటి, అనిశ్చితి. 2016లో లండన్ పరిశోధకులు 45 మందితో ఒక కంప్యూటర్ ఆట ఆడించారు. తెర మీద రాళ్ళుంటాయి, రాయి కింద పాము ఉందో లేదో ఊహించాలి, పాము ఉంటే చేతికి నొప్పి పుట్టేలా చిన్న కరెంటు షాకు. కళ్ళ పాపలు ఎంత పెద్దవవుతున్నాయో, చెమట ఎంత పడుతోందో కొలిచారు. షాకు ఖాయమని తెలిసినప్పుడు మనుషులు కాస్త కుదురుగానే ఉన్నారు. తగలొచ్చు, తగలకపోవచ్చు, సగానికి సగం అన్నప్పుడే ఒత్తిడి తారస్థాయికి చేరింది. ఏ సంగతీ తేలకుండా ఇంట్లో ఊరికే కూర్చున్న మనిషి సాయంత్రానికి ఎందుకంత అలసిపోతాడో దీన్నిబట్టి అర్థమవుతుంది. చేసిన పని కనబడదు, మోసిన బరువు కనబడదు.

రెండోది గమ్యం చూపుమేరలో లేకపోవడం. 1932లో క్లార్క్ హల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన మాట ఇది: తిండి దాకా పోయే దారిలో వదిలిన ఎలుక, తిండి దగ్గరపడే కొద్దీ వేగం పెంచుతుంది. మనుషులూ అంతే. పరీక్షకు వారం ముందు ఎవరూ చెప్పకుండానే పుస్తకం పడతాం. మధ్యకాలంలో ఆ చివర ఎంత దూరమో తెలియదు గనుక ఆ వేగమూ పుట్టదు. సంకల్పబలం తగ్గిందని అనుకుంటాం గానీ, తగ్గింది దూరం కొలిచే రాళ్ళు.

మూడోదే అన్నిటికంటే ముఖ్యమని మా లెక్క. 1967లో స్టీవెన్ మయర్, మార్టిన్ సెలిగ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కుక్కల మీద చేసిన ప్రయోగాలు చాలామందికి తెలిసినవే. ఏం చేసినా షాకు ఆగని కుక్కలు, తర్వాత తప్పించుకునే దారి ఉన్నా కదలకుండా పడి ఉన్నాయి. నిస్సహాయతను అవి 'నేర్చుకున్నాయి' అని అప్పట్లో వివరించారు. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 2016లో, అదే ఇద్దరూ ఆ వివరణను తలకిందులు చేశారు. కష్టం చాలాకాలం సాగితే కదలకుండా ఉండిపోవడమే మెదడు సహజ ధోరణి, దాన్ని ఎవరూ నేర్చుకోనక్కర్లేదు. నేర్చుకోవాల్సింది 'నేను చేస్తే జరిగింది' అన్న సంగతిని. ఆ అనుభవం దొరికితే మెదడు ముందుభాగం ఆ స్తబ్ధతను అణచివేస్తుంది.

దీని నుంచి పనికొచ్చే సూత్రం ఒకటి వస్తుంది. 'ఉద్యోగం తెచ్చుకోవాలి' అన్నది పూర్తిగా మన చేతిలో లేదు. రోజూ సాయంత్రం ఆ వాక్యాన్ని చూసుకుంటే రోజూ ఓడిపోయినట్టే లెక్క. 'పదకొండున్నరలోపు రెండు దరఖాస్తులు పంపాలి' అన్నది పూర్తిగా మన చేతిలో ఉంది. పంపితే జరిగింది, పంపకపోతే లేదు. మధ్యకాలంలో రాసుకునే ప్రతి పనీ ఈ రెండో రకంలోకి రావాలి. ఫలితం ఇంకొకరి చేతిలో ఉన్న ఏ మాటనూ రోజువారీ జాబితాలోకి రానివ్వకండి. వినడానికి చిన్న మార్పే. జాబితా తిరగరాయడానికి కూర్చుంటే తెలుస్తుంది, మన పట్టికల్లో ముప్పాతిక వంతు ఇంకొకరి నిర్ణయాలే ఉంటాయని.

ముందు ఏ రకమో తేల్చుకోండి

బయటికి ఒకేలా కనిపించినా మధ్యకాలాలు మూడు రకాలు. ఒకటి ఎదురుచూపు: మన వంతు అయిపోయింది, నిర్ణయం ఇంకెవరిదో. రెండు ఎంపిక: తలుపులు నాలుగు తెరిచే ఉన్నాయి, ఏ దాంట్లోకి వెళ్ళాలో తేలడం లేదు. మూడు కోలుకోవడం: ఏదో పెద్దది పోయింది, ముందుకు అడుగు వేయడానికి శక్తే లేదు.

ఒక రకానికి చెప్పిన వైద్యం ఇంకో రకానికి చేస్తే వికటిస్తుంది. ఫలితాల కోసం చూస్తున్న మనిషి 'అసలు నా జీవితానికి ఏ దారి మంచిది' అని తవ్వుకుంటూ కూర్చుంటే, ఫలితం రాకుండా తేలని ప్రశ్నను రోజుకు పదిసార్లు తిరగేయడమే అవుతుంది. ఎంపిక చేసుకోవాల్సిన మనిషి ఓపిగ్గా వేచి చూస్తుంటే సంవత్సరం గడిచిపోతుంది, ఎందుకంటే అక్కడ ఎవరూ ఏ కబురూ పంపరు. ఇక మనిషినో ఆరోగ్యాన్నో పోగొట్టుకున్నవాళ్ళను లక్ష్యాలు పెట్టుకోమనడం, విరిగిన కాలితో పరుగు పందెం ఆడమనడమే. కొందరిలో రెండు రకాలు కలిసి ఉంటాయి. అప్పుడు నిద్రను ఎక్కువగా చెడగొడుతున్నది ఏదో దానితో మొదలుపెట్టాలి.

కోలుకోవడానికి ఇక్కడే ఒక మాట చెప్పి ముందుకు వెళ్దాం. అందులో ఊపు కోసం వెతకొద్దు. నిద్ర, స్నానం, తిండి, ఇరవై నిమిషాల నడక, రోజుకు ఒక మనిషితో మాట. కొన్ని వారాల పాటు ఇవే పని. వీటిని 'పని చేయని రోజులు' అని లెక్కేస్తే కోలుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది.

పందిరి వేయడం

మొదటి గుంజ లేచే సమయం. పడుకునే సమయం అటూ ఇటూ అయినా, లేచే సమయం అరగంటకు మించి మారకూడదు, సెలవు రోజుల్లో కూడా. ఒంట్లోని గడియారాన్ని సరిచేసేది ప్రధానంగా పొద్దుటి వెలుతురు. లేవడం రోజూ ఇరవై నిమిషాలు వెనక్కి జరిగితే తొమ్మిది రోజుల్లో మూడు గంటలు జారిపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. లేచిన గంటలోపు కాసేపు ఆరుబయట నిలబడితే చాలు. నాలుగింటికి లేవాల్సిన అవసరం ఏమీ లేదు. ఏడున్నర అయితే ఏడున్నర, ఆ వేళ మారకుండా ఉండటమే ముఖ్యం.

రెండో గుంజ ఒక పని వేళ. రోజంతటికీ టైం టేబుల్ వేయడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా గళ్ళు గీసి, రంగులు వేసి గోడకు అంటిస్తారు. మొదటి గడి తప్పగానే పట్టిక మొత్తం పోయిందనిపిస్తుంది, ఆ రోజుకు వదిలేస్తారు. అలా కాకుండా గంటన్నర మాత్రం కట్టుకోండి, రోజూ ఒకే వేళకు, ఒకే చోట. ఫోను వేరే గదిలో. ఆ గంటన్నర దాటాక ఎంత పని చేసినా అది కొసరు.

ఆ గంటన్నరలోకి వెళ్ళడమే కష్టం. అందుకు 'ఎప్పుడైతే, అప్పుడు' వాక్యం బాగా పనికొస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గాల్‌విట్జర్ దీన్ని 1990ల నుంచి పరిశోధించాడు. 2006లో 94 పరీక్షల ఫలితాలను కలిపి చూసినప్పుడు, కేవలం 'చేస్తాను' అనుకున్నవాళ్ళ కంటే ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది ముందే వాక్యంగా కట్టుకున్నవాళ్ళు లక్ష్యం దగ్గరికి చెప్పుకోదగ్గంత ఎక్కువగా చేరారని తేలింది. 'పొద్దున చదువుతాను' అన్నది పనికిరాదు. 'బ్రష్ కడిగి స్టాండులో పెట్టగానే, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, నిన్న ఆపిన ఫైలు తెరుస్తాను' అన్నది పనికొస్తుంది. మొదటి సగంలో తప్పకుండా జరిగే పని ఉండాలి, రెండో సగంలో రెండు నిమిషాల్లో అయ్యే కదలిక ఉండాలి. రెండో సగంలో 'మూడు అధ్యాయాలు పూర్తి చేస్తాను' అని పెడితే వాక్యం విరిగిపోతుంది.

మూడో గుంజ కనీస కొలత. ఎంత చెడ్డ రోజైనా చేయగలిగేంత చిన్నది: ఒక పేజీ, ఒక ఫోను, పది నిమిషాలు. బాగున్న రోజున ఎంత చేయగలరో దాన్ని బట్టి కొలత పెట్టుకోవడమే ఆరంభశూరత్వం. జ్వరం వచ్చిన రోజున ఎంత చేయగలరో దాన్ని బట్టి పెట్టుకోవాలి. అలవాటు ఎన్నాళ్ళకు కుదురుతుందని ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో చూస్తే, మధ్యస్థం (అందరి అంకెలూ వరసగా పెడితే నడిమిది) 66 రోజులు. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. అలవాటుకు 21 రోజులు చాలన్న ప్రచారం నమ్మి ఇరవై రెండో రోజున 'నాకు కుదరలేదు' అనుకునేవాళ్ళు ఈ అంకెలు గుర్తుంచుకోవాలి. ఒక రోజు తప్పితే అలవాటు పాడైపోదని కూడా అందులోనే తేలింది. కాబట్టి తప్పిన రోజుకు పరిహారంగా మర్నాడు రెట్టింపు చేయకండి. ఆ రెట్టింపే మూడో రోజును కూడా మింగేస్తుంది.

నాలుగోది బయటి మనిషి. వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే వేళ, పదిహేను నిమిషాలు. ఇంట్లోవాళ్ళను ఈ పనికి పెట్టుకోకపోవడం మంచిది, మీ భవిష్యత్తు గురించి వాళ్ళకూ బెంగ ఉంటుంది, ప్రశ్నలో అది కలుస్తుంది. మీలాగే మధ్యలో ఉన్న ఇంకో మనిషి అయితే మరీ మంచిది. చెప్పుకోవాల్సినవి మూడే: పోయిన వారం చేస్తానన్నది చేశానా, ఎక్కడ ఆగాను, వచ్చే వారం ఏం చేస్తాను. సలహాలు ఇచ్చిపుచ్చుకోవడం మొదలైతే పదిహేను నిమిషాలు గంటవుతాయి, నాలుగో వారానికి ఇద్దరిలో ఒకరు ఫోను తీయరు.

ఇక రాత్రి రాసుకునే చీటీ. తేలని పనులు మనసులో గిర్రున తిరుగుతుంటాయి. వాటిని పూర్తి చేయకపోయినా, ఎప్పుడు ఎలా చేస్తామో స్పష్టంగా రాసి పెడితే చాలు, ఆ తిరుగుడు తగ్గుతుందని మాసికాంపో, బామైస్టర్ అనే పరిశోధకులు 2011లో చూపించారు. చీటీ ఇలా ఉండొచ్చు:

"మంగళవారం. లేచింది 7:10. గంటన్నర కూర్చున్నాను, రెజ్యూమెలో పాత ప్రాజెక్టుల భాగం సగం అయింది. ఆగింది ఎక్కడ: రెండో ప్రాజెక్టులో నా వాటా ఎంతో చెప్పే వాక్యం. రేపు మొదట అదే వాక్యం. బ్యాంకు కాగితం సంగతి గురువారం పదకొండింటికి ఫోను చేసి కనుక్కోవాలి."

ఇంతే. మనసు ఎలా ఉందో రాయాలనిపిస్తే వేరే పుస్తకంలో రాసుకోండి. ఈ చీటీలో 'ఆగింది ఎక్కడ' అన్న వరసే అసలైనది. మర్నాడు ఖాళీ తెర ముందు కాకుండా సగం రాసిన వాక్యం ముందు కూర్చుంటారు. నెల తిరిగేసరికి ఇలాంటి చీటీలు ముప్పై అవుతాయి, ఇందాక చెప్పిన దూరం కొలిచే రాళ్ళు అవే.

ఎదురుచూపులో

కేట్ స్వీనీ అనే మనస్తత్వ పరిశోధకురాలు ఎదురుచూపు మీదే ఏళ్ళ తరబడి పనిచేసింది. కాలిఫోర్నియాలో లాయరుగా పనిచేయడానికి రాసే పరీక్ష ఫలితాల కోసం నాలుగు నెలలు చూసిన పట్టభద్రులను గమనించింది. బెంగ మొదట్లో ఎక్కువ, మధ్యలో కొంత తగ్గి, ఫలితం దగ్గరపడే కొద్దీ మళ్ళీ పెరిగింది. మంచే జరుగుతుందని సర్దిచెప్పుకోవడం, చెడుకు ముందే సిద్ధపడటం, ఆలోచన తప్పించడం, ఇలా వాళ్ళు వాడిన ఉపాయాలేవీ బెంగను పెద్దగా తగ్గించలేదు. అయితే ఎదురుచూపులో బాగా నలిగినవాళ్ళు ఫలితం వచ్చాక, అది చెడ్డదైతే త్వరగా దారి వెతుక్కున్నారు, మంచిదైతే ఎక్కువ సంతోషించారు. కాబట్టి బెంగపడుతున్నందుకు మళ్ళీ బెంగపడక్కర్లేదు.

కాస్త ఊరటనిచ్చింది ఒకటుంది: ఒళ్ళు మరిచి లీనమయ్యే పని. టీవీ, ఫోను ఆ కోవలోకి రావు, అవి చూస్తూ కూడా బెంగపడొచ్చు. చేతికీ మెదడుకూ కలిపి పని ఉండాలి, చేతనైనదాని కంటే పిసరంత కష్టంగా ఉండాలి, సరిగ్గా వచ్చిందో లేదో అప్పటికప్పుడు తెలియాలి. వాద్యం, కుట్టుపని, చదరంగం, కోడింగ్, కొత్త భాష, వడ్రంగం. మరీ తేలికైతే ఆలోచన దారి తప్పుతుంది, మరీ కష్టమైతే చిరాకు పుడుతుంది.

బెంగకు వేళ కట్టడం ఇంకో పద్ధతి. థామస్ బోర్కోవెక్, ఆయన సహచరులు 1983లోనే దీన్ని పరీక్షించారు. రోజూ ఒకే వేళ, ఒకే చోట అరగంట. మిగతా సమయంలో బెంగ వస్తే, 'దీన్ని సాయంత్రం ఐదున్నరకు చూస్తాను' అని రెండు ముక్కలు రాసి వదిలేయాలి. ఐదున్నరకు కూర్చుని నిజంగానే ఆలోచించాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు: వాయిదా వేస్తారు గానీ ఆ వేళకు కూర్చోరు. రెండు సార్లు అలా జరిగితే మనసు మీ మాట నమ్మదు. ఆ అరగంట పడక మీద కాకుండా కుర్చీలో, పడుకునే వేళకు కనీసం రెండు గంటల ముందు ఉండేలా చూసుకోవాలి.

మెయిల్ చూసుకోవడం కూడా రోజుకు రెండు వేళలకు కట్టేయండి. పది నిమిషాలకోసారి చూస్తే కబురు త్వరగా రాదు, 'ఇంకా రాలేదు' అన్న కబురు మాత్రం రోజుకు యాభైసార్లు వస్తుంది. ఇక ఫలితానికి ముందు చివరి రెండు వారాల్లో కొత్త బరువులేవీ ఎత్తుకోకండి. బెంగ మళ్ళీ పెరిగే కాలం అది, కనీస కొలతతోనే సరిపెట్టుకోవచ్చు. ఫలితం చెడ్డదైతే మొదటి మూడు రోజులు ఏం చేస్తారో నాలుగు వరుసల్లో ముందే రాసి మడిచి పెట్టండి. బుర్ర బాగా పనిచేసేది ఇప్పుడే, ఆ రోజు కాదు.

ఎంపికలో

ఇక్కడ ఆలోచన కొంతవరకే పనిచేస్తుంది, ఆ తర్వాత చేతులు పెట్టాల్సిందే. ఒక దారి నచ్చుతుందో లేదో కూర్చుని ఊహించడం కంటే ఇరవై గంటల పని చేసి చూడటం నయం. రోజుకు గంటన్నర చొప్పున రెండు వారాలు. టీచరు కావాలనుకుంటే ఒక పిల్లవాడికి రెండు వారాలు పాఠం చెప్పండి. వ్యాపారం అనుకుంటే ఒక్క వస్తువు ముగ్గురు తెలియనివాళ్ళకు అమ్మి చూడండి. దాని గురించి కోర్సు చేయడం ప్రయత్నం కిందకు రాదు. కోర్సు హాయిగా ఉంటుంది, సర్టిఫికెట్ వస్తుంది, ముందుకు వెళ్తున్నట్టే అనిపిస్తుంది, ప్రశ్న మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. మధ్యకాలంలో కోర్సులు పోగేసుకోవడం బహుశా అన్నిటికంటే మర్యాదైన వాయిదా పద్ధతి.

మొదలుపెట్టక ముందే రెండు సంగతులు రాసి పెట్టుకోవాలి. ఏం కనిపిస్తే కొనసాగిస్తాను, ఏం కనిపిస్తే ఆపేస్తాను. 'నచ్చితే' అని రాయొద్దు. రెండో వారంలో ఎవరూ అడగకుండానే ఎన్నిసార్లు ఆ పని దగ్గరికి వెళ్ళాను, విసుగు పుట్టించే భాగాన్ని కూడా పూర్తి చేశానా, బయటి మనిషి ఒకరైనా అది వాడుకున్నారా, ఇలా లెక్కకు అందేవి రాయాలి. ఒకేసారి రెండు దారులకు మించి ప్రయత్నించకండి. మూడోది వచ్చి చేరితే ఏదీ ఇరవై గంటలకు చేరదు, రెంటికీ చెడిన రేవడి కాస్తా మూడింటికీ చెడుతుంది.

సలహా అడిగేవాళ్ళ సంఖ్యా తక్కువే ఉండాలి. ఆ దారిలో ఈ మధ్య ఐదేళ్ళలో నడిచినవాళ్ళు ఇద్దరు, మీ స్వభావం ఎరిగినవాళ్ళు ఒకరు. మీరు అడగాల్సింది 'నేనేం చేయాలి' అని కాదు, 'మీ మామూలు మంగళవారం ఎలా గడుస్తుంది' అని.

డబ్బు నెలల్లో, జవాబు రెండు వాక్యాల్లో

అనిశ్చితిలో పెద్ద వాటా డబ్బుదే, కానీ లెక్క వేయడానికి భయపడి చాలామంది దాన్ని మసకగానే ఉంచుకుంటారు. చేతిలో ఉన్నదాన్ని నెలకు తప్పని ఖర్చుతో భాగించండి. వచ్చిన దాంట్లోంచి ఒకటి తీసేయండి, అది అనుకోని ఖర్చుకు. తొమ్మిది వస్తే ఎనిమిది నెలలు. తర్వాత ఒక గీత గీయండి. ఏదో ఒక పని వెతుక్కుని మొదటి జీతం అందుకోవడానికి మీకు మూడు నెలలు పడుతుందనుకుంటే, నాలుగు నెలలు మిగిలిన రోజే ఆ గీత. ఆ రోజున, దారి తేలినా తేలకపోయినా, దొరికిన పనిలో చేరడం. ఈ నిర్ణయం ఇవాళే తీసుకుని తేదీతో రాసి పెడితే, ఆ తేదీ దాకా రోజూ 'ఇంకెన్నాళ్ళు' అని తూకం వేసుకోవాల్సిన అవసరం ఉండదు. సొమ్ము పెరగదు, కానీ సగానికి సగం అన్న ఆ రాయి కింద పాము ఒకటి తగ్గుతుంది.

ఇక ఎదురుపడిన ప్రతి పెద్దాయనా అడిగే మాట: "ఇప్పుడేం చేస్తున్నావమ్మా?" ఆ ప్రశ్నకు భయపడి మనుషులకు దూరమైపోయేవాళ్ళు ఎందరో. అప్పుడు యహోదా చెప్పిన ఐదింటిలో రెండోది కూడా తెగిపోతుంది. జవాబు ముందే కట్టుకోండి, అందులో జరిగినది ఒకటి, తేదీ ఒకటి, చేస్తున్నది ఒకటి ఉండాలి. "పరీక్ష రాశానండీ, ఫలితాలు నవంబరులో. ఈలోగా పొద్దుటిపూట అనువాదం పని నేర్చుకుంటున్నాను." ఎక్కువ వివరణ ఇస్తే ఎక్కువ సలహాలు వస్తాయి. వాక్యం అయిపోగానే వాళ్ళ పిల్లల గురించి అడిగితే సరి, సంభాషణ అటు తిరుగుతుంది.

ఇది ఊపు సమస్య కానప్పుడు

ఒక్క సంగతి విడిగా చూడాలి. రెండు వారాలకు పైగా, దాదాపు ప్రతి రోజూ, రోజులో ఎక్కువ భాగం మనసు కుంగి ఉండటం, లేదా ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి చచ్చిపోవడం, దానితో పాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత బాగా మారడం, తాను పనికిరాననిపించడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. తేడా పట్టుకోవడానికి ఒక ఆనవాలు: మధ్యకాలపు నీరసంలో స్నేహితుడు వస్తే నవ్వొస్తుంది, మంచి కబురు వింటే ఒళ్ళు తేలికవుతుంది. డిప్రెషన్‌లో తరచుగా ఆ తేలిక కూడా రాదు. ఇది ఆనవాలే, పరీక్ష కాదు, తేల్చాల్సింది డాక్టరే. పందిరి పద్ధతులు అక్కడ చికిత్సకు తోడు మాత్రమే. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే వారం చూద్దాం అనుకోకుండా ఆ రోజే మనిషికి చెప్పాలి, ఆ రోజే వైద్య సహాయం తీసుకోవాలి.

పందిరి విప్పడం

కబురు వచ్చిన రోజున, లేదా దారి తేలిన రోజున, ఇదంతా ఒక్కసారిగా వదిలేయాలనిపిస్తుంది. కొత్త చోట మొదటి నెల కూడా ఒక మధ్యకాలమే, పేరు మాత్రం వేరు. అక్కడి వరసలు ఇంకా ఒంటబట్టవు, ఎవరిని ఏం అడగాలో తెలియదు. బెంగకు కట్టిన అరగంటను మొదట తీసేయవచ్చు, వారం వారం ఫోను ఇంకో నెల ఉంచండి. గంటన్నర పనికి కొత్త ఉద్యోగమో చదువో తన వేళను తెచ్చిపెడుతుంది. రాత్రి చీటీ కూడా కొన్నాళ్ళు సాగనివ్వండి, అందులో 'ఆగింది ఎక్కడ' అన్న వరస ఇప్పుడు కొత్త పనికి సంబంధించినదవుతుంది. లేచే సమయం మాత్రం అలాగే ఉంచండి.